సొర చేప ఉప్పు లెక్క గుండె దగ్గరుంది

సొర చేప పొట్ట కోసి చూస్తే పేగు చివర చిటికెన వేలులాంటి గ్రంథి ఒకటి వేలాడుతూ కనిపిస్తుంది. మీటరు పొడవుండే స్పైనీ డాగ్‌ఫిష్ అనే చిన్న సొరలో ఇది కొద్ది సెంటీమీటర్లే ఉంటుంది. శరీర నిర్మాణం చదివినవాళ్లు దీన్ని ఎప్పటినుంచో చూస్తున్నారు, బొమ్మలు గీస్తున్నారు. ఏం పని చేస్తుందో మాత్రం అంతుబట్టలేదు. పేగు చివరి భాగాన్ని అంటిపెట్టుకుని ఉంది కాబట్టి రెక్టల్ గ్లాండ్ అని పేరు పెట్టి ఊరుకున్నారు.

ఆ ముడి 1960లో విడింది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో మౌంట్ డెజర్ట్ దీవి మీద ఓ జీవశాస్త్ర ప్రయోగశాల ఉంది. అక్కడ వెండెల్ బర్గర్, వాల్టర్ హెస్ అనే ఇద్దరు బతికున్న డాగ్‌ఫిష్ గ్రంథి నాళంలోకి సన్నని గొట్టం దూర్చి, కారిన ద్రవాన్ని పట్టి పరీక్షించారు. అది దాదాపు వట్టి ఉప్పునీరు. సొర రక్తంలో ఉన్నదానికి సుమారు రెట్టింపు ఉప్పు అందులో ఉంది, సముద్రపు నీటిలో కంటే కూడా కాస్త ఎక్కువే. అంతకు కొద్దికాలం ముందే క్నూట్ ష్మిట్ నీల్సన్ సముద్ర పక్షుల ముక్కు దగ్గర ఉప్పును బయటికి తోసే గ్రంథుల్ని కనిపెట్టాడు. సొరకు అదే పని చేసే అవయవం పేగు చివర ఉందన్నమాట.

అసలు చిక్కు అక్కడినుంచే మొదలైంది. ఈ గ్రంథి అదేపనిగా కారదు. కొంతసేపు ధారగా వస్తుంది, ఆ తర్వాత గంటల తరబడి బొట్టు కూడా రాదు. మరి కొళాయి తిప్పేదెవరు? రక్తంలో ఉప్పు పెరిగితే కనిపెట్టే భాగం ఏదో ఉంటుందని, అది గ్రంథికి కబురు పంపుతుందని ఎవరైనా అనుకుంటారు. తేలింది వేరు. కబురు ప్రధానంగా గుండె నుంచి వస్తుంది. ఆ గుండె ఉప్పు ఎంతుందో చూడనే చూడదు. తన గోడ ఎంత సాగిందో మాత్రమే చూస్తుంది.

ఉప్పు సంగతి ఉప్పును కొలవకుండా ఎలా తేలుతుందో తెలియాలంటే ముందు సొర రక్తం ఎలాంటిదో చూడాలి. సముద్రపు నీటి ద్రవాభిసరణ గాఢత, అంటే అందులో కరిగిన అన్ని పదార్థాల మొత్తం గాఢత, సుమారు 1000 మిల్లీఆస్మోల్‌లు. మామూలు ఎముక చేపల రక్తం అందులో మూడో వంతు మాత్రమే. అందుకే వాటి ఒంట్లోని నీరు మొప్పల గుండా నిత్యం సముద్రంలోకి పోతూ ఉంటుంది. అవి సముద్రపు నీటినే గుటగుటా తాగి, అందులోని ఉప్పును మొప్పల నుంచి బయటికి తోసి బతుకుతాయి. నీళ్ల మధ్యలో ఉంటూ దాహంతో గడిపే బతుకు అది.

సొర దారి వేరు. దాని రక్తంలో సోడియం లీటరుకు 250 నుంచి 300 మిల్లీమోల్‌ల దాకా ఉంటుంది. సముద్రంలో సుమారు 470. అంటే ఉప్పు విషయంలో సొర రక్తం సముద్రానికి బాగా తక్కువే. ఆ లోటును యూరియాతో పూడ్చుకుంటుంది. మనిషి రక్తంలో యూరియా లీటరుకు 3 నుంచి 7 మిల్లీమోల్‌లు, సొరలో 350 పైనే. మనం మూత్రంలో పారబోసే వ్యర్థాన్ని అది ఆస్తిలా దాచుకుంటుంది. దాని మూత్రపిండాలు వడకట్టిన యూరియాలో చాలా భాగాన్ని మళ్లీ వెనక్కి లాగేస్తాయి, మొప్పలు యూరియాను దాదాపు దాటనివ్వవు. అంత యూరియా ఉంటే ప్రోటీన్ల ఆకారం చెడాలి. దానికి విరుగుడుగా ట్రైమిథైల్ అమైన్ ఆక్సైడ్ అనే మరో పదార్థం యూరియాలో సగం దాకా ఉంటుంది. పాత చేప కంపుకు మూలం ఇదే. సొరల కణజాలంలో యూరియా ఉందని జర్మనీ రసాయన శాస్త్రవేత్తలు 1858లోనే చెప్పారు. అది ఎందుకుందో 1930ల్లో విడమరిచి చెప్పింది మూత్రపిండాల మీద జీవితమంతా పనిచేసిన హోమర్ స్మిత్.

ఉప్పు, యూరియా, ఆ ఆక్సైడ్ అన్నీ కలిపితే సొర రక్తం సముద్రంతో సమానంగా, లేదా ఓ పిసరు ఎక్కువ గాఢంగా ఉంటుంది. ఆ పిసరు తేడా చిన్నదిగా కనిపించినా కథ మొత్తం దాని మీదే నడుస్తుంది. లోపల గాఢత ఎక్కువ కాబట్టి నీరు మొప్పల గుండా నెమ్మదిగా లోపలికే వస్తుంది. సొరకు దాహం బెడద లేదు, సముద్రాన్ని తాగాల్సిన అవసరమూ పెద్దగా లేదు. ఉప్పు కూడా లోపలికే వస్తుంది, ఎందుకంటే బయట సోడియం, క్లోరైడ్ లోపలికంటే చాలా ఎక్కువ. తిండితో వచ్చే ఉప్పు దీనికి అదనం. ఉప్పు లోపలికి చేరినప్పుడల్లా దాని వెంటే నీరూ చేరుతుంది. మొప్పల దగ్గర నీటికి తలుపు తెరిచే ఉంది కాబట్టి గాఢత పెరిగి నిలవడానికి వీల్లేదు, నీరు వచ్చి సర్దేస్తుంది. చివరికి పెరిగేది రక్తంలో ఉప్పు గాఢత కంటే ఎక్కువగా రక్తం మొత్తం పరిమాణం. ఉప్పు ఎక్కువైన సొర ఉబ్బుతుంది. అలాంటి జంతువులో ఉప్పు లెక్క పెట్టాలంటే గాఢత చూసేకంటే ఉబ్బు చూడటమే నమ్మకమైన పద్ధతి.

ప్రయోగాలూ ఇదే చెప్పాయి. 1980ల్లో అదే మౌంట్ డెజర్ట్ ప్రయోగశాలలో ఫ్రాంక్లిన్ ఎప్‌స్టీన్, పాట్రిసియో సిల్వా, రిచర్డ్ సాలమన్ బృందం డాగ్‌ఫిష్ రక్తనాళంలోకి దాని రక్తంతో సమానమైన గాఢత ఉన్న లవణ ద్రావణాన్ని ఎక్కించింది. గాఢత మారలేదు, పరిమాణం ఒక్కటే పెరిగింది. గ్రంథి వెంటనే కారడం మొదలుపెట్టింది. అయితే ఈ కబురు నరాల ద్వారా వచ్చిందా, రక్తంలో వచ్చిందా? అది తేల్చడానికి వాళ్లు చేసిన పని చక్కగా ఉంటుంది. ఒక సొర నుంచి గ్రంథిని పూర్తిగా వేరుచేసి, దాని నరాలన్నీ తెగిపోయాక, బతికున్న మరో సొర రక్తాన్ని గొట్టంతో అందులోకి పంపారు. ఆ రెండో సొరకు ద్రావణం ఎక్కించగానే, దాని ఒంటితో ఏ నరాల సంబంధమూ లేని ఆ గ్రంథి ఉప్పునీరు కార్చింది. అంటే రక్తంలోకే ఏదో వదులుతున్నారు. వదిలేదెవరు అన్నదే మిగిలింది.

అప్పటికే ఎలుకల్లో జవాబు దొరికింది. స్తన్యజీవుల గుండె కర్ణికల కండర కణాల్లో చిన్న చిన్న గుళికలు ఉంటాయని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో 1956లో బ్రూనో కిష్ చూశాడు. హార్మోన్లు స్రవించే గ్రంథుల కణాల్లో కనిపించే గుళికల్లాగే ఉన్నాయి అవి. రక్తం కొట్టే పంపులో గ్రంథి గుళికలు ఎందుకున్నట్టు? ఆ ప్రశ్న 25 ఏళ్లు అలాగే ఉండిపోయింది. 1981లో కెనడాలోని కింగ్‌స్టన్ నగరంలో అడాల్ఫో డి బోల్డ్, సహచరులు ఎలుక కర్ణికలను నూరి, ఆ రసాన్ని ఇతర ఎలుకలకు ఎక్కించారు. నిమిషాల్లోనే మూత్రంలో సోడియం, క్లోరైడ్ విసర్జన 30 రెట్లకు పైగా, మూత్రం పరిమాణం 10 రెట్లు పెరిగాయి. జఠరికల రసం ఎక్కిస్తే అలాంటిదేమీ జరగలేదు. కర్ణిక రసంలోని పదార్థాన్ని తర్వాత శుద్ధి చేసి ఏఎన్‌పీ అన్నారు. మనిషిలో అది 28 అమైనో ఆమ్లాల గొలుసు. గుండె పంపు మాత్రమే కాదు, హార్మోన్ గ్రంథి కూడా అని పాఠ్యపుస్తకాలు తిరగరాయాల్సి వచ్చింది.

ఎలుకలో ఈ హార్మోన్‌ను కదిలించేది కర్ణిక గోడ సాగుదల. రక్తం ఎక్కువై గుండెకు తిరిగొచ్చే ధార పెరిగితే పలుచని కర్ణిక గోడ సాగుతుంది, గుళికల్లోని సరుకు రక్తంలో పడుతుంది. సొర గుండెలో ఇది ఇంకా సూటిగా జరిగేలా ఉంది. దానికి ఒకటే కర్ణిక, ఒకటే జఠరిక. ఒంట్లోని రక్తమంతా ఒకే వలయంలో, గుండె నుంచి మొప్పలకు, అక్కడినుంచి ఒళ్లంతా తిరిగి మళ్లీ గుండెకు చేరుతుంది. గుండె చుట్టూ ఉండే సంచి మిగతా చేపల్లోలా మెత్తగా కాకుండా గట్టి పెట్టెలా ఉంటుంది. జఠరిక ముడుచుకున్న ప్రతిసారీ ఆ పెట్టెలో పీడనం పడిపోయి కర్ణిక రక్తాన్ని లోపలికి పీల్చుకుంటుంది. ఒంట్లో రక్తం పెరిగితే ఆ కర్ణికకు తెలియకుండా పోయే అవకాశం తక్కువ.

1985 ప్రాంతంలో సొర గ్రంథి మీద స్తన్యజీవుల ఏఎన్‌పీని ప్రయోగించి చూశారు. గ్రంథి స్పందించింది. కథ ఇక్కడితో ముగిసినట్టే కనిపించింది, కానీ ప్రయోగించింది ఎలుకల, మనుషుల హార్మోన్. సొర గుండె తయారుచేసేది అదేనా అన్నది ఎవరూ చూడలేదు. చూశాక తేలింది, సొర గుండెలో ఏఎన్‌పీ లేనే లేదు.

ఈ మలుపు అర్థం కావాలంటే ఏఎన్‌పీ హార్మోన్ కుటుంబంలో మిగతావాళ్లను పరిచయం చేయాలి. 1988లో జపాన్‌లో హిసాయుకి మాట్సువో బృందం పంది మెదడు నుంచి బీఎన్‌పీ అనే రెండో హార్మోన్ తీసింది. 1990లో మళ్లీ పంది మెదడు నుంచే మూడోదాన్ని, సీఎన్‌పీని, 22 అమైనో ఆమ్లాల పొట్టి గొలుసును వేరుచేసింది. మూడింటి నడుమా 17 అమైనో ఆమ్లాల ఉంగరం ఒకటి ఉంటుంది, పని చేసే భాగం అదే. ఏఎన్‌పీ, బీఎన్‌పీల్లో ఉంగరం దాటాక తోక ఉంటుంది. సీఎన్‌పీకి తోక లేదు, ఉంగరంతోనే ముగుస్తుంది. స్తన్యజీవుల్లో ఏఎన్‌పీ, బీఎన్‌పీ గుండెవి, సీఎన్‌పీ మెదడుది. ఇలా విభజన కుదిరిందని అందరూ స్థిమితపడేలోపే, 1991లో రెండు బృందాలు వేర్వేరుగా రెండు జాతుల డాగ్‌ఫిష్ గుండెల నుంచి హార్మోన్ తీశాయి. రెండింట్లోనూ దొరికింది సీఎన్‌పీయే. సొర మెదడులోనూ అదే. స్తన్యజీవుల్లో మూడు హార్మోన్లు పంచుకున్న పనిని సొరలో ఒక్కటే చేస్తోంది. యూరప్ డాగ్‌ఫిష్ కర్ణికలో ఇది కత్తిరించని పొడవాటి రూపంలో నిల్వ ఉంటుంది. మెదడులో పొట్టి రూపం కనిపిస్తుంది.

గ్రంథి మీద పోల్చి చూసినా సీఎన్‌పీదే పైచేయి. స్తన్యజీవుల ఏఎన్‌పీతో స్పందన రావాలంటే ఎక్కువ మోతాదు కావాలి, సీఎన్‌పీ చాలా కొద్ది మోతాదుకే గ్రంథిని నడిపిస్తుంది. 1999లో ఈ గ్రంథి నుంచి హార్మోన్‌ను పట్టుకునే ప్రోటీన్, అంటే గ్రాహకం జన్యువును వేరుచేస్తే అది స్తన్యజీవుల్లో సీఎన్‌పీ కోసమే ఉండే ఎన్‌పీఆర్-బి రకం గ్రాహకానికి జోడీగా తేలింది.

ఇప్పుడు గ్రంథి లోపలికి వెళ్దాం. అడ్డంగా కోస్తే నడుమ ఓ కాలువ, దాని చుట్టూ చక్రం ఆకుల్లా బయటివైపుకు పరుచుకున్న సన్నని గొట్టాలు కనిపిస్తాయి. ప్రతి గొట్టం గోడా ఒకే వరస కణాలతో కట్టినది. కణానికి ఒకవైపు రక్తం, రెండోవైపు గొట్టం బోలు. రక్తంవైపు గోడ ముడతలు ముడతలుగా మడిచి ఉంటుంది, ఆ ముడతల మధ్య మైటోకాండ్రియా కిక్కిరిసి ఉంటాయి. ఎక్కువ శక్తి ఖర్చు పెట్టే కణానికి ఉండే గుర్తులే ఇవన్నీ.

రక్తంవైపు గోడలో సోడియం పంపు ఉంటుంది. కణానికి ఇంధనమైన ఏటీపీ అణువు ఒకటి ఖర్చుతో మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. దీంతో కణంలో సోడియం ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది. అదే గోడలో ఎన్‌కేసీసీ-1 అనే రవాణా ప్రోటీన్ ఉంటుంది. దాని పద్ధతి విచిత్రం, ఒక సోడియం, ఒక పొటాషియం, రెండు క్లోరైడ్లు నాలుగూ కలిస్తేనే లోపలికి వదులుతుంది. సోడియం లోపలికి రావాలని తహతహలాడుతుంది కాబట్టి తనతో పాటు క్లోరైడ్‌ను కూడా ఈడ్చుకొస్తుంది. ఇలా కణం నిండా క్లోరైడ్ పోగవుతుంది. గొట్టంవైపు గోడలో సీఎఫ్‌టీఆర్ అనే క్లోరైడ్ తలుపు ఉంటుంది. అది తెరుచుకుంటే పోగైన క్లోరైడ్ బోలులోకి దూకుతుంది. దాని రుణావేశానికి లాగబడి సోడియం కణాల మధ్య సందుల్లోంచి వెంట వెళ్తుంది, నీరు ఆ రెండింటి వెనక నడుస్తుంది. లెక్క కడితే ఒక ఏటీపీ ఖర్చుకు ఆరు క్లోరైడ్లు బయటపడతాయి. 

ఈ నమూనాకు రూపం వచ్చింది 1977లో, సిల్వా, ఎప్‌స్టీన్‌ల పనిలో. తర్వాత దీని ముక్కలు ఒక్కొక్కటే జన్యువుల దాకా వెళ్లాయి. ఎన్‌కేసీసీ-1 జన్యువును మొదటిసారి వేరుచేసింది 1994లో, ఈ సొర గ్రంథి నుంచే. సీఎఫ్‌టీఆర్ పేరు వైద్యులకు బాగా తెలుసు. ఊపిరితిత్తుల్లో జిగట పేరుకుపోయే సిస్టిక్ ఫైబ్రోసిస్ జబ్బుకు కారణమైన జన్యువుగా మనుషుల్లో అది 1989లో దొరికింది, రెండేళ్లకే సొరలో దాని జోడీ బయటపడింది. గుండె జబ్బులో కాళ్ల వాపులు తగ్గడానికి వాడే ఫ్యూరోసెమైడ్ మాత్ర ఎన్‌కేసీసీ కుటుంబాన్ని ఆపేస్తుంది. మనిషి మూత్రపిండంలో ఆ కుటుంబపు ప్రోటీన్ ఉప్పును ఒంట్లోకి వెనక్కి లాగుతుంది, అది ఆగితే ఉప్పు మూత్రంలో పోతుంది. సొర గ్రంథిలో అదే రకం ప్రోటీన్ ఉప్పును బయటికి పంపే పనిలో ఉంది, కాబట్టి అదే మందు ఇక్కడ ఉప్పు పోకుండా ఆపుతుంది. ఒకే మరను ఏ గోడలో బిగించారన్న దాన్ని బట్టి పని తలకిందులవుతుంది.

సీఎన్‌పీ వచ్చి తట్టేది ఈ మరనే, అయితే రెండు దారుల్లో. మొదటిది సూటిది. సీఎన్‌పీ గ్రంథి కణం మీది గ్రాహకాన్ని పట్టుకుని లోపల సైక్లిక్ జీఎంపీ అనే దూతను పెంచుతుంది. రెండోది చుట్టుదారి. గ్రంథిలో నరాల కొసలున్నాయి, వాటిలో వీఐపీ అనే మరో పెప్టైడ్ (అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు) నిల్వ ఉంటుంది. సీఎన్‌పీ ఆ కొసల నుంచి వీఐపీని విడిపిస్తుంది, వీఐపీ కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే మరో దూతను పెంచుతుంది, దాంతో సీఎఫ్‌టీఆర్ తలుపులు బార్లా తెరుచుకుంటాయి. నరాలను మొద్దుబార్చే ప్రొకైన్ మందు ఇస్తే హార్మోన్ ప్రభావం చాలావరకు తగ్గడం ఈ చుట్టుదారికి సాక్ష్యం. ఇక గ్రంథి నుంచి విడదీసి పెంచిన కణాల మీద, నరాలేవీ లేని చోట కూడా సీఎన్‌పీ పనిచేయడం సూటిదారికి సాక్ష్యం. రెండూ కలిసినప్పుడు వచ్చే ధార విడివిడిగా వచ్చేదానికంటే ఎక్కువ. బ్రేకులూ ఉన్నాయి, సొమాటోస్టాటిన్ వంటి పెప్టైడ్లు ధారను తగ్గిస్తాయి.

ఈ ఏర్పాటు అందం గ్రంథి ద్రవం గాఢతలో ఉంది. ఆ ద్రవం మొత్తం గాఢత రక్తంతో సమానం. రక్తంలో ఆ గాఢతను ఉప్పు, యూరియా పంచుకుంటాయి. గ్రంథి ద్రవంలో దాదాపు అంతా ఉప్పే, యూరియా నామమాత్రం. అంటే ఒక మిల్లీలీటరు ద్రవం కారితే సుమారు రెండు మిల్లీలీటర్ల రక్తరసంలో ఉండేంత ఉప్పు పోతుంది. కష్టపడి దాచుకున్న యూరియా మాత్రం చెక్కుచెదరదు. పరిమాణం తగ్గించాలి, గాఢత చెడకూడదు, యూరియా పోకూడదు అన్న మూడు షరతులూ ఒకే చర్యతో తీరిపోతాయి. మూత్రపిండాల ద్వారా ఇదే పని చేయాలంటే కుదరదు. సొర మూత్రం రక్తం కంటే గాఢంగా ఎన్నడూ ఉండదు, దాంట్లో అంత ఉప్పును కుక్కే సామర్థ్యం దానికి లేదు.

ఈ గ్రంథికి నిజమైన పని పడేది తిన్న తర్వాత. స్క్విడ్‌లు, పీతల వంటి వెన్నెముక లేని సముద్ర జీవుల ఒంట్లో ద్రవాలు సముద్రమంత ఉప్పగా ఉంటాయి. సొర వాటిని మింగిందంటే ఉప్పు మూట మింగినట్టే. చాలా సొరలు రోజూ వేళకు తినవు, దొరికినప్పుడు ఒకేసారి కడుపునిండా తింటాయి. ఆ తర్వాత గ్రంథి పుంజుకుంటుంది. సోడియం పంపు పనితనం పెరుగుతుంది. ఉపవాసంలో ఉన్నప్పుడు దాదాపు నిద్రపోతున్నట్టు ఉంటుంది. కడుపు ఆమ్లం స్రవిస్తున్నప్పుడు రక్తం కాస్త క్షారంవైపు మొగ్గుతుంది. క్రిస్ వుడ్ బృందం 2000ల్లో చేసిన ప్రయోగాల ప్రకారం ఆ క్షార మార్పు కూడా గ్రంథిని ప్రేరేపిస్తుంది. ఉప్పు రక్తంలోకి పూర్తిగా చేరకముందే గ్రంథికి ముందస్తు సూచన అందుతుందన్నమాట. గుండె కబురు ఒక్కటే అంతా నడుపుతుందని చెబితే అది అతిశయోక్తి అవుతుంది. పరిమాణం పెరిగిందని చెప్పే కబురు మాత్రం గుండెదే.

మరో హెచ్చరిక కూడా అవసరం. సొర అని ఒక్క మాటలో అనేస్తాం కానీ పైన చెప్పిన వివరాల్లో సింహభాగం స్పైనీ డాగ్‌ఫిష్ అనే ఒక్క జాతి నుంచి వచ్చినవే. ఆ ప్రయోగశాల దగ్గరి నీళ్లలో అది సులువుగా దొరికేది కాబట్టి. యూరప్ తీరాల్లో దొరికే మరో డాగ్‌ఫిష్ గ్రంథి మీద వీఐపీ ప్రయోగిస్తే అది కదలలేదు. ఆ జాతిలో పేగు నుంచి వచ్చే వేరే పెప్టైడ్ ఆ పని చేస్తుందని 1984లో కనుగొన్నారు, దానికి రెక్టిన్ అని పేరు పెట్టారు. తర్వాత అది సైలియోరినిన్-2 అనే పెప్టైడ్ అని తేలింది. సీఎన్‌పీ రెండింట్లోనూ ఉంది, మధ్య దూతలు మాత్రం మారిపోయారు.

ఉప్పు లేని నీళ్లలోకి వెళ్లిన సొరలో ఈ గ్రంథి గతి ఏమిటి? బుల్ షార్క్ సముద్రం నుంచి నదుల్లోకి వందల కిలోమీటర్లు ఎదురీదుతుంది. నికరాగువా సరస్సులో కనిపించే సొరలు సముద్రానికి సంబంధం లేని ప్రత్యేక జాతి అని ఒకప్పుడు అనుకునేవారు. థామస్ థోర్సన్ వాటికి గుర్తు బిళ్లలు తగిలించి వదిలితే, సాన్ హువాన్ నది గుండా కరీబియన్ సముద్రానికీ సరస్సుకూ మధ్య రాకపోకలు సాగిస్తున్నాయని తేలింది. మంచినీటిలో వాటి రక్తం గాఢత సుమారు 650 మిల్లీఆస్మోల్‌లకు దిగుతుంది, యూరియా దాదాపు సగానికి తగ్గిపోతుంది. గ్రంథి కుంచించుకుపోతుంది. ఉప్పును బయటికి తోసే పని అక్కడ లేదు, పైగా ఉన్న ఉప్పును కాపాడుకోవాలి. దక్షిణ అమెరికా నదుల్లో తరతరాలుగా స్థిరపడ్డ పొటామోట్రైగాన్ అనే టేకు చేపలు (సొరల బంధువులైన స్టింగ్‌రేలు) ఇంకా ముందుకెళ్లాయి. 1967లో థోర్సన్ బృందం కొలిచి చూస్తే వాటి రక్తంలో యూరియా దాదాపు లేదు. ఉప్పునీటిలో ఉంచినా అవి యూరియాను పోగుచేసుకోలేవు. గ్రంథి పేరుకు మాత్రం ఓ మొటిమలా మిగిలింది.

చివరగా సీఎన్‌పీ పుట్టుక మాట. స్తన్యజీవుల్లో ఏఎన్‌పీ ముందు దొరికింది కాబట్టి అదే అసలుదని, మిగతావి దాని వారసులని చాలాకాలం అనుకున్నారు. సొరలో దొరికిన సీఎన్‌పీ ఆ వరసను తిప్పేసింది. 2003లో కోజీ ఇనూయె, యోషియో టకెయి బృందం ఎముక చేపల్లో నాలుగు రకాల సీఎన్‌పీలు ఉన్నాయని చూపించింది. వాటిలో సీఎన్‌పీ-3 జన్యువు పక్కపక్కనే నకళ్లుగా విడిపోవడం వల్ల ఏఎన్‌పీ, బీఎన్‌పీ పుట్టాయని వివరించింది. సొర గుండెలో ఉండేది ఆ సీఎన్‌పీ-3 రకమే. అంటే సొర గుండె ఏదో మెదడు హార్మోన్‌ను అరువు తెచ్చుకోలేదు. మన గుండె హార్మోన్లే ఆ పాతదాని నకళ్లు. గుండె బలహీనపడిన రోగికి వైద్యులు రాసే బీఎన్‌పీ రక్తపరీక్ష కూడా గుండె గోడ ఎంత సాగుతోందో చెప్పే కొలతే.

మనిషిలో మిగిలిన సీఎన్‌పీ గుండెను వదిలి వేరే పనుల్లో కుదురుకుంది, వాటిలో ముఖ్యమైనది ఎముకల పెరుగుదల. పిల్లల ఎముకల కొసల్లో ఉండే మృదులాస్థి పొర కణాల మీద సొర గ్రంథిలో ఉన్న ఎన్‌పీఆర్-బి రకం గ్రాహకమే ఉంటుంది. ఆ గ్రాహకం జన్యువు రెండు ప్రతులూ చెడిపోయిన పిల్లలు పొట్టి చేతులు, కాళ్లతో మిగిలిపోతారు. అకాండ్రోప్లేసియా అనే పొట్టితనపు జబ్బు మరో జన్యువు వల్ల వస్తుంది. దాని ప్రభావాన్ని తగ్గించడానికి సీఎన్‌పీని కాస్త మార్చి తయారుచేసిన వోసోరిటైడ్ అనే ఇంజెక్షన్‌కు 2021లో యూరప్, అమెరికా అనుమతి ఇచ్చాయి. రోజుకొకసారి చర్మం కింద ఇచ్చే ఆ మందు పిల్లల మృదులాస్థి మీద పనిచేస్తుంది. అదే హార్మోన్‌ను ఉప్పు కోసం వాడుకునే సొర అస్థిపంజరం మొత్తం మృదులాస్థే.